రెండవ దోనె
(ఉపన్యాస పాఠము)



డింగీ అను మాట నేడు ప్రపంచమంతట వ్యాపించి యున్నది. ఇంగ్లండులోను, అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను తెరచాపతో నడుచు చిన్న పడవకు ఆ పేరే వాడుదురు. ఆ మాట పుట్టినది మాత్రము భారతదేశమున. హిందీ, వంగ భాషలలో నదులపై తిరుగు చిన్న పడవకు గల పేరునే ఆంగ్ల నావికులు తమ భాషలోనికి గొనిపోయిరి. తెలుగున దానికి దగ్గరి మాట దోనె. గోదావరీ తీరవాసులకు దోనె క్రొత్త కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట సాగిన కాలువలపై తెరచాపలెత్తిన పడవలు ధాన్యము మోసినవి. గాలి పడిపోయినపుడు గట్టుమీద నడచుచు మనుష్యులు వాటిని త్రాళ్లతో లాగెడివారు.

అయితే కాలువ పడవకును, క్రీడకై చేసిన దోనెకును ఒక భేదము కలదు. కాలువ పడవ సరకు మోయుటకై పుట్టినది. అది నిదానముగా నడచినను దోషము లేదు. క్రీడా దోనె గాలితో ఆడుకొనుటకే పుట్టినది. అందు కూర్చున్నవాడే దానికి సరకు, వాడే సరంగు, వాడే తూకపురాయి. వాడు అంచుమీద కూర్చుండి వెనుకకు వ్రాలినచో పడవ నిటారుగ నిలుచును. ఏమరపాటున లోనికి జరిగినచో పడవయు ఒరుగును.

ఈ విద్య నేర్చుకొనువానికి ఇచ్చు మొదటి దోనె సాధువైనదై యుండును. క్రొత్తగా మేడి పట్టువానికి కాడి మరిగిన ఎద్దుల నిత్తురే గాని కోడెల నియ్యరు. ఒకటి రెండేండ్లు గడచునప్పటికి ఆ సాధువైన దోనె వానికి చాలదనిపించును. గాలి బాగుగా వీచు దినమున తక్కిన పడవలు నీటిని చిమ్ముకొనుచు పోవుచుండగా, తన పడవ కదలని బండవలె తోచును. అప్పుడు చురుకైన రెండవ దోనెకొరకు వెదకును.

ఈ రెండవ ఎంపికలోనే చాలమంది పొరబడుదురు. మొదటి దోనెను గురువు ఎంచును. రెండవ దానిని ఉత్సాహము ఎంచును. ఉత్సాహము మంచిదే, కాని దానికి తూకము తెలియదు. పొరపాటు జరిగినచో పోవునది ధనము మాత్రమే కాదు. శక్తికి మించిన దోనెలో వారము వారము తలక్రిందులై, చలికి వణకి, మనసున భయము నాటుకొనినవాడు చివరకు నీటినే విడిచిపెట్టును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున ఈ విషయమును సావధానముగా పరిశీలింపదగును.

మొదట సాధువైన దోనెల స్వభావము చూడవలెను. 1947లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, క్లియర్‌వాటర్ పట్టణమునందు క్లార్క్ మిల్స్ అను శిల్పి పిల్లలకొరకు ఒక దోనెను రూపొందించెను. ఆప్టిమిస్ట్ అను ఆ దోనె చూచుటకు పెట్టెవలె నుండును. ముందుకొన వాడిగా నుండక మొండిగా నుండును. పొడవు 2.3 మీటర్లు, ఒడలి బరువు 35 కిలోలు, తెరచాప వైశాల్యము సుమారు 3.3 చదరపు మీటర్లు. 8 అడుగుల ప్లైవుడ్ పలకలతో ఇంటనే చేసికొనవలెనని ఆయన సంకల్పము. నేడు లోకమునందలి పిల్లలలో లెక్కకు మిక్కిలిగా దీనియందే చుక్కాని పట్ట నేర్చుచున్నారు. 15 ఏండ్లు దాటినవారికి ఇందు పోటీకి అర్హత లేదు.

ఇంగ్లండులో 1963లో వెలువడిన మిర్రర్ దోనె మరియొక ఉదాహరణము. డైలీ మిర్రర్ అను వార్తాపత్రిక దానిని ప్రోత్సహించుటచే ఆ పేరు వచ్చెను. జాక్ హోల్ట్, బారీ బక్నెల్ అనువారు దానిని రూపొందించిరి. ప్లైవుడ్ ముక్కలను తీగతో కుట్టి, కుట్లపై జిగురును, గాజునారను పట్టించి చేయు పద్ధతి కావున వడ్రంగము తెలియని గృహస్థుడును తన ఇంటి కొట్టములో చేసికొనగలిగెను. 3.3 మీటర్ల పొడవు, సుమారు 45 కిలోల బరువు, ఎఱ్ఱని తెరచాపలు దాని గుర్తులు. పెద్దలకు ఇట్లే ఉపకరించినది 1957లో ఇయన్ ప్రాక్టర్ రూపొందించిన వేఫేరర్. అది 4.82 మీటర్ల పొడవు, 169 కిలోల బరువు గల స్థిరమైన పడవ. ఫ్రాంక్ డై అను నావికుడు 1963లో స్కాట్లండునుండి ఐస్‌లండునకు ఒక సహచరునితో అట్టి పై కప్పు లేని పడవలోనే చేరుకొనెను. సాధువైన దోనె అనగా చేతకానిది అని భావింపరాదనుటకు ఇదే నిదర్శనము.

ఇక చురుకుదనము అనగా ఏమి? నీటిలో కదలు ప్రతి పడవయు ముందొక అలను, వెనుకొక అలను లేపును. వేగము పెరిగిన కొలది ఆ రెండు అలల నడుమ దూరము పెరుగును. ఆ దూరము పడవ పొడవునకు సమానమైనపుడు, పడవ తాను త్రవ్విన పల్లములో తానే చిక్కుకొనును. నీటిని తాకు పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34చే గుణించినచో ఆ పరిమితి నాట్లలో తెలియును. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్ల వేగము. 9 అడుగుల పడవకు ఆ పరిమితి సుమారు 4 నాట్లు, అనగా గంటకు 7.4 కిలోమీటర్లు. 16 అడుగుల దానికి సుమారు 5.4 నాట్లు, అనగా గంటకు 10 కిలోమీటర్లు. బరువైన పడవ ఎంత గాలి వచ్చినను ఈ హద్దును సులభముగా దాటలేదు.

తేలికయై, అడుగు చదునుగా నున్న దోనె మాత్రము తగిన గాలి తగిలినపుడు తన ముందరి అలపైకి ఎక్కి, నీటిని చీల్చుటకు మారుగా నీటి మీద జారుట కారంభించును. చిల్లపెంకును చెరువు నీటిపై వాలుగా విసరినచో అది వెంటనే మునుగక తుళ్లుచు పోవును, ఇదియు అట్టిదే. దీనిని నావికులు ప్లేనింగ్ అందురు. ఆ క్షణమున పడవ రెట్టింపు వేగము నందుకొనును, చుక్కాని చేతిలో సన్నగా మ్రోగును. ఇంగ్లండునందలి కౌస్ పట్టణమునకు చెందిన ఉఫా ఫాక్స్ ఈ రహస్యమును దోనెల నిర్మాణమునకు చక్కగా అన్వయించెను. ఆయన 14 అడుగుల దోనె అవెంజర్ 1928లో 57 పందెములలో పాల్గొని 52 పందెములు గెలిచెను. నేటి చురుకైన దోనెలలో అనేకము ఆ మార్గమున వచ్చినవే.

చురుకుదనమును కొలుచుట కొక సులభమైన లెక్క కలదు. పడవ ఒడలి బరువును, అందెక్కువారి బరువును కూడి, తెరచాప వైశాల్యముచే భాగింపవలెను. ఒక్కొక్క చదరపు మీటరు తెరచాప ఎన్ని కిలోలు లాగవలసి యున్నదో తెలియును. కొయ్య, త్రాళ్లు మొదలగు వాని బరువును విడిచి చూచినను పోలికకు చాలును. వేఫేరరులో 70 కిలోల వారిద్దరు ఎక్కినచో మొత్తము 309 కిలోలు. తెరచాపలు రెండును కలిపి సుమారు 13 చదరపు మీటర్లు. చదరపు మీటరునకు దాదాపు 24 కిలోలు. ఒక్కరే నడపు లేజర్ అను దోనె ఒడలు 59 కిలోలు, తెరచాప 7.06 చదరపు మీటర్లు. 70 కిలోల వాడెక్కినచో చదరపు మీటరునకు 18 కిలోలు మాత్రమే. బరువు తగ్గిన కొలది చురుకు హెచ్చును. దానితోపాటు పొరపాటునకు దొరకు క్షమయు తగ్గును.

లేజర్ పేరు వచ్చినది కావున దాని చరిత్ర కొంత చెప్పదగినది. 1969లో కెనడా దేశస్థుడు బ్రూస్ కర్బీ తన మిత్రుడు ఇయన్ బ్రూస్‌తో టెలిఫోనులో మాటలాడుచు ఒక కాగితముపై గీచిన చిత్రమే దానికి మూలము. 1971 జనవరిలో న్యూయార్కు పడవల ప్రదర్శనమున అది లోకమునకు పరిచయమయ్యెను. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారైనవి. 1996నుండి ఒలింపిక్ క్రీడలలో దానికి స్థానము కలదు. 2019నుండి పోటీలలో దానిని ఐ.ఎల్.సి.ఏ. అను పేర వ్యవహరించుచున్నారు.

రెండవ దోనె వెదకువారికి దీనియందు గొప్ప సౌలభ్య మొకటి కలదు. పడవ ఒడలు ఒక్కటే, తెరచాపలు మూడు. పెద్దది 7.06, నడిమిది 5.76, చిన్నది 4.7 చదరపు మీటర్లు. తెరచాప కొయ్య రెండు ముక్కలుగా నుండును. క్రింది ముక్కను, తెరచాపను మార్చినచో చాలును. 45 కిలోల బాలిక పెద్ద తెరచాపతో ఎక్కినచో చదరపు మీటరునకు 15 కిలోలైనను ఉండవు. ఒక మోస్తరు గాలికే ఆమె పడవను నిలుపలేదు. ఆమెయే చిన్న తెరచాపతో ఎక్కినచో అది 22 కిలోలగును. పడవ ఆమె చెప్పిన మాట వినును. ఎదుగుచున్న కొలది పెద్ద తెరచాపను కొనుక్కొనవచ్చును, పడవను మార్చ నక్కరలేదు.

చిన్న తెరచాప పిల్లల ఆటవస్తువని చులకనగా చూచువారు కొందరు కలరు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మధ్యప్రదేశమునకు చెందిన నేహా ఠాకుర్ ఆ చిన్న తెరచాపతోనే బాలికల పోటీయందు రజత పతకము గెలిచెను. ఒలింపిక్ క్రీడలకు అర్హత సంపాదించిన మొదటి భారతీయ నావికురాలు, చెన్నై వాస్తవ్యురాలు నేత్రా కుమనన్, 2021లో టోక్యోయందు పోటీ చేసినది నడిమి తెరచాపతో. దేహమునకు తగిన తెరచాపయే గొప్ప తెరచాప.

గాలి బలమును గూర్చి ఒక మాట మరువరాదు. గాలి వేగము రెట్టింపైనపుడు తెరచాపపై దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. 8 నాట్ల గాలిలో బొమ్మవలె నడచిన దోనె 16 నాట్ల గాలిలో వేరొక జంతువగును. అంగడిలో ఎండ కాయుచుండగా, చల్లని పిల్లగాలిలో ఒకమారు నడపి చూచి పడవ కొనువాడు ఆ రెండవ జంతువును చూడకయే కొనినవాడగును. కావున కొనుటకు ముందు అట్టి దోనెను ఎరవు తెచ్చుకొనియైనను మూడుమారులు నడపవలెను: ఒకమారు తక్కువ గాలిలో, ఒకమారు మధ్యమమైన గాలిలో, ఒకమారు తనకు కొంచెము భయము కలుగు గాలిలో. మూడవ దినమున ఒడ్డునకు వచ్చి, మరల పోవలెనను కోరిక మిగిలినదా లేదా అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

తరువాత ఆలోచింపవలసినది, ఒంటరిగా నడుపుటయా, ఇద్దరు కలసి నడుపుటయా అనునది. ఇద్దరి దోనెలలో ముచ్చట కలదు, పని పంచుకొనుట కలదు. 2002లో వచ్చిన ఆర్.ఎస్. ఫీవా ఇద్దరు పిల్లలకు తగినది. ఫ్రాన్సులో పుట్టిన 420 అను దోనె పేరు దాని పొడవునుబట్టి వచ్చినది, 420 సెంటీమీటర్లు. అందు ముందున్నవాడు కొయ్య పైభాగమునుండి వ్రేలాడు తీగకు నడుము కట్టుకొని, అంచుమీద పాదములు మోపి, దేహమంతయు నీటిపైకి వ్రాల్చి పడవను నిలుపును. దీనిని ట్రెపీజ్ అందురు. 1938లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ అనువారు థండర్ అండ్ లైట్నింగ్ అను దోనెలో ఈ ఉపాయముతో వేల్స్ యువరాజు పేర నిచ్చు కప్పును గెలిచిరి. గెలిచిన వెంటనే ఆ తరగతి పడవలలో దానిని నిషేధించిరి. తరువాత లోకమంతయు దానిని స్వీకరించెను.

ట్రెపీజ్ గల దోనె కనులకు ఎంతయో ఇంపుగా నుండును. కాని రెండవ దోనె కొనువాడు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ప్రతి ఆదివారము తోడు వచ్చువాడు ఎవడు? తోడు దొరకని ఇద్దరి దోనె ఒడ్డున గుడ్డ కప్పుకొని పడియుండును. ఒక్కని దోనె ఎవరిని గూర్చియు వేచియుండ నక్కరలేదు. తండ్రీకొడుకులో, అక్కాచెల్లెండ్రో ఒక్క ఇంట నున్నచో ఇద్దరి దోనె మేలు. అట్లు కాని యెడల ఒంటి దోనెయే క్షేమము.

వేగములను పోల్చుటకు ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ సంఖ్యలు వాడుదురు. వివిధ జాతుల దోనెలు ఒకే పందెములో పాల్గొన్నపుడు, ఒక్కొక్కటి తీసికొనిన కాలమును దాని సంఖ్యచే భాగించి, 1000చే గుణించి జయాపజయములు నిర్ణయింతురు. సంఖ్య చిన్నదైన కొలది పడవ వేగవంతము. మిర్రరునకు 1390 దరిదాపు, పెద్ద తెరచాప గల లేజరునకు 1100 దరిదాపు, ట్రెపీజ్ గల 29ఇఆర్ అను దోనెకు 900 దరిదాపు. అనగా 29ఇఆర్ 90 నిమిషములలో పోవు దూరమునకు మిర్రరుకు 139 నిమిషములు పట్టును. అయితే ఈ సంఖ్యలు నేర్పరుల చేతిలోని వేగమును చెప్పును. నేర్చుకొనువాడు ఎన్నిమారులు నీట పడునో చెప్పవు. గంటలో పదిమారులు బోల్తాపడు 29ఇఆర్ కంటె ఒకమారును పడని మిర్రరే ముందు చేరును. మిర్రరునుండి లేజరునకు పోవుట ఒక మెట్టు. మిర్రరునుండి 29ఇఆర్‌కు పోవుట మెట్టు కాదు, దూకుడు.

ఏ నీటిపై నడుపవలెనో అదియు ముఖ్యమే. హైదరాబాదునందలి హుస్సేన్ సాగరము ఇబ్రహీం కుతుబ్ షాహీ కాలమున, 1563లో ఏర్పడినది. నేడు దాని చుట్టును పెద్ద కట్టడములు నిలిచియున్నవి. అట్టి చోట గాలి ఒక్క తీరుగ వీవదు. కట్టడముల సందులనుండి ఉండియుండి వచ్చి తెరచాపను కొట్టును, మరుక్షణమున ఆగిపోవును, దిక్కు మార్చును. ఇట్టి నీటిపై వెంటనే స్పందించు తేలికైన దోనె ఆనందము నిచ్చును. కాని నడపువాని కన్ను ఎల్లప్పుడును గాలి ముడుతలు పడు నీటిపై నుండవలెను. సముద్రతీరమున గాలి నిలకడగా వీచును గాని, అలలు కలవు, తీరమునుండి దూరముగా కొట్టుకొనిపోవు అపాయము కలదు. అచ్చట కొంత బరువు, కొంత ఎత్తైన అంచు గల పడవ మేలు.

ఆ నీటిపై ఇతరులు ఏ దోనెలు నడపుచున్నారో చూచుట అన్నిటికంటె తెలివైన పని. హుస్సేన్ సాగరమున సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ వారు లేజర్ పోటీలు జరుపుట చిరకాలముగ వచ్చుచున్నది. అట్టి చోట నేర్చువాడు వేరొక అపురూపమైన దోనె కొని తెచ్చినచో, అందరి నడుమ ఒంటరివాడగును. తన వేగము బాగున్నదో లేదో చూచుకొనుటకు పక్కన సమానమైన పడవ ఉండదు. త్రాడు తెగినచో ఎరువిచ్చువాడుండడు, చుక్కాని విరిగినచో మారుది దొరకదు. పదిమంది నడపు దోనెను నడపినచో ఆ పదిమందియు గురువులే. పక్కవాడు ఆ త్రాటిని ఎందుకు బిగించెను, ఈ మలుపున ఎందుకు వదలెను అని చూచియే సగము విద్య నేర్వవచ్చును.

ఇక ప్రాణభద్రత. చురుకైన దోనె పడిపోవును. పడిపోకుండునది చురుకైనది కాదు. కావున పడకుండుటకంటె, పడిన పిమ్మట లేచుట ముఖ్యము. దోనె పక్కకు ఒరిగి పడినపుడు నావికుడు తెరచాప త్రాటిని వదలి, దాని అడుగునుండి పొడుచుకొని వచ్చు నడిమి పలకపై ఎక్కి, తన బరువుతో దానిని లేవనెత్తవలెను. నావికుని బరువు చాలనిచో పలక కదలదు. ఈ పరీక్షను కొనుటకు ముందే చేయవలెను. పాత దోనెలు కొన్ని లేచిన పిమ్మట అంచువరకు నీరు నిండి యుండును. తోడిపోయువరకు మరల పడుచునే యుండును. లేజరువంటివి మూసిన ఒడలు గలవి కావున లేచినంతనే నీటిని చాలవరకు వదలుకొనును.

క్రొత్త దోనెలలో వేరొక చిక్కు కలదు. ఒడలినిండ గాలి ఉండుటచే అవి ఒరిగినపుడు నీటిపై చాల ఎత్తుగా తేలును. నడిమి పలక చేతి కందదు. పైగా గాలి తాకిడికి పడవ ఈదువానికంటె వేగముగ కొట్టుకొని పోవును. అందుచేత పడిన మరుక్షణమున త్రాటినో, అంచునో విడువకుండ పట్టుకొనుట అలవరచుకొనవలెను. పడవను విడచి ఒడ్డునకు ఈదరాదు. ఒడ్డు కంటికి దగ్గరగా కనిపించును, చేతులకు దూరముగా నుండును. పడవ పూర్తిగా తలక్రిందులైనచో కొయ్య బురదలో దిగబడవచ్చును. నేర్చువారు కొయ్య కొనకు తేలుడు సంచి కట్టుట ఉత్తమము. లైఫ్ జాకెట్ లేక ఎక్కరాదు, ఈత ఎంత వచ్చినను. చలి దేశములలో నీరు తాకినంతనే ఊపిరి ఎగబట్టును. అచ్చటివారు దేహమునకు రబ్బరు దుస్తులు తొడిగికొందురు. ట్రెపీజ్ కొక్కెము త్రాళ్లలో చిక్కి మనిషిని నీటి క్రింద బంధించు ప్రమాదము కలదు కావున, పడవను సాఫీగా నడుపుట వచ్చిన పిమ్మటనే ఆ దోనెల జోలికి పోవలెను. క్రొత్త దోనెతో మొదటి దినములలో తోడుగా మరియొక మోటారు పడవ నీటిపై నుండవలెను.

రెండవ దోనె సాధారణముగ ఒకరు వాడిన దోనెయే యగును, అందు తప్పులేదు. కాని ఎద్దును కొనువాడు పండ్లు చూచినట్లు దీనిని చూడవలెను. కాలితో ఒత్తినపుడు పై భాగము మెత్తగా దిగినచో లోపలి పొర చెడినదని తెలియును. కొయ్య నిలుపు గుంటలో నీరు పోసి కొంతసేపు చూడవలెను. నీరు తగ్గుచున్నచో అచ్చట పగులు కలదు, అది లోనికి కారుచున్నది. ఒడలిని ఎత్తి చూడవలెను. ఉండవలసిన దానికంటె బరువుగా నున్నచో లోన నీరు పీల్చుకొనినదని అర్థము. ప్లైవుడ్ పడవయైనచో మూలలలో పుచ్చు చూడవలెను. తెరచాపను చేత నలిపినపుడు క్రొత్త కాగితమువలె పెళపెళ మ్రోగినచో మేలు. పాత పంచెవలె మెత్తబడినచో దానికి రూపము పోయినది. పడవను గట్టునుండి నీటికి తీసికొనిపోవు చక్రముల బండి ఉన్నదా, చుక్కాని బందులు వదులైనవా అని చూడవలెను. మెఱుగు రంగు చూచి మోసపోరాదు. చవకగా దొరకిన శిథిలమైన దోనె బాగుచేయించుటలోనే ఋతువంతయు గడచిపోవును, నీటిపై గడచు దినములు తగ్గును.

ఎప్పుడు మారవలెను? పాత దోనెలో చేతులు తమంతట తాము పని చేయుచున్నపుడు. గాలి వెనుకనుండి వీచుచుండగా తెరచాప ఒకవైపునుండి వేరొక వైపునకు విసురుగా మరలు గడియలోను గుండె బెదరనపుడు. ఎవరి సాయము లేక ఒంటరిగా పడవను లేపగలిగినపుడు. 11 మొదలు 16 నాట్ల వరకు వీచు గాలిలో గంటసేపు అలసట లేక నడపగలిగినపుడు. ఈ నాలుగును కుదిరిన పిమ్మట ఇంకను సాధు దోనెలోనే కూర్చుండుటయు దోషమే. భయముచే మారని వాని విద్య తుప్పు పట్టును. సాధు దోనె పొరపాట్లను కప్పిపుచ్చును. చురుకైన దోనె ప్రతి పొరపాటును వెంటనే ఎత్తిచూపును. గురువు మౌనముగా నున్నంత కాలము శిష్యుడు ఎదుగడు.

డెన్మార్కు దేశస్థుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ చరిత్ర ఈ సందర్భమున స్మరణీయము. 1948లో ఇరువది ఏండ్ల వయసున ఒలింపిక్ పోటీలకు ఇంగ్లండునకు వచ్చినపుడు ఆయనకు నడపవలసి వచ్చినది ఉఫా ఫాక్స్ రూపొందించిన ఫైర్‌ఫ్లై. మొదటి పందెమును ఆయన ముగింపకయే విరమించెను. అయినను వెనుదీయక, తక్కిన పందెములలో దోనె స్వభావమును గ్రహించి, కడకు స్వర్ణ పతకము సాధించెను. 1952, 1956, 1960 సంవత్సరములలో ఫిన్ అను వేరొక దోనెలో మూడుమారులు స్వర్ణము గెలిచెను. ఫిన్‌లో అంచుపైనుండి వెనుకకు వ్రాలుటకు కావలసిన బలము కొరకు ఆయన ఇంటియందే ఒక బల్లను అమర్చుకొని, పడవలో వ్రాలినట్లు దానిపై వ్రాలుచు అభ్యసించెను. దోనె మారినపుడు మనిషియు మారవలెనని ఆయన గ్రహించెను. చురుకైన దోనెను కొనుట ఒక దినపు పని. దానికి తగినవాడగుట ఏండ్ల పని.

సారాంశమిది. తన దేహపు బరువునకు తగిన తెరచాప, తన నీటికి తగిన ఒడలు, తన చుట్టుపట్ల పదిమంది నడపు జాతి, తాను ఒంటరిగా లేపగల బరువు, తాను మూడు విధములైన గాలులలో నడపి చూచినది, ఈ అయిదు గుణములు కలసిన దోనెయే మంచి రెండవ దోనె. అది నేటి శక్తికంటె ఒక మెట్టు ఎక్కువగా నుండవలెను, రెండు మెట్లు కాదు. తల్లిదండ్రులకును ఇందు కర్తవ్యము కలదు: పిల్ల కోరినదెల్ల కొనుటయు తగదు, భయపడి ఏమియు కొనకుండుటయు తగదు. ఒడ్డున నిలిచి, పిల్ల పడి లేచుటను ఓరిమితో చూచుటయే వారి పని.

జ్ఞానమార్గమునను ఇదే క్రమము. పెద్దబాలశిక్ష ముగించిన బాలుని చేతికి మరునాడే కఠిన శాస్త్రమిచ్చినచో పుస్తకమన్ననే వెరచును; ఎన్నటికిని బాలశిక్షయే ఇచ్చినచో నిదురించును. అతని శక్తికంటె ఒక్క మెట్టు పైనున్న గ్రంథమును అరనుండి తీసి చేతి కందించుటయే గ్రంథాలయము చేయు పుణ్యకార్యము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున సాగిన ఆ సేవ వర్ధిల్లుగాక. చదువరులు ఒక్కొక్క గాలికి ఒక్కొక్క మెట్టు ముందునకు సాగుదురుగాక.